ఇంటి కర్బన భారం తగ్గాలంటే ఏది ముందు, ఏది తరువాత

పర్యావరణహితమైన ఇల్లు అనగానే మన ఊళ్లలో ఇప్పుడు ముందుగా వినిపించే మాట సోలార్. ఆ వెంటనే ఎలక్ట్రిక్ స్కూటర్, ఇండక్షన్ స్టవ్, ఫైవ్ స్టార్ ఏసీ వరుస కడతాయి. అమ్మేవారి మాట వింటే అన్నీ ఒకే తీరుగా మేలు చేసేవే. లెక్క వేసి చూస్తే మాత్రం వాటి మధ్య తేడా చాలా ఎక్కువని, మంచిదనుకుని కొన్న వస్తువు వల్ల ఉద్గారాలు పెరిగే సందర్భాలు కూడా ఉన్నాయని తెలుస్తుంది. చేతిలోని డబ్బుకు హద్దు ఉంటుంది కనుక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని ఒక మధ్యతరగతి కుటుంబం ఏ క్రమంలో ఖర్చు పెడితే ఎక్కువ ఫలితం ఉంటుందో ఇక్కడ పోల్చి చూద్దాం.

ఈ పోలికకు మూడు అంకెలు దగ్గర పెట్టుకుంటే చాలు. గ్రిడ్ నుంచి వచ్చే ఒక యూనిట్ కరెంటు వెనుక మన దేశంలో సగటున సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది, ఎందుకంటే మన విద్యుత్తులో ఎక్కువ భాగం ఇప్పటికీ రామగుండం, సింహాద్రి, విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం వంటి చోట్ల బొగ్గు మండించి తీసినదే. 14.2 కిలోల గ్యాస్ బండ పూర్తిగా మండితే వెలువడేది దాదాపు 42 కిలోలు. లీటరు పెట్రోలుకు 2.3 కిలోలు. నెలకు 300 యూనిట్ల కరెంటు, ఒక బండ, 25 లీటర్ల పెట్రోలు వాడే ఇంటిని ఉదాహరణగా తీసుకుంటే కరెంటు వాటా 210 కిలోలు, గ్యాస్ వాటా 42, పెట్రోలు వాటా 58. అంటే ఏడాదికి 3.7 టన్నులు, అందులో మూడింట రెండు వంతులు కరెంటుదే. మీ ఇంటి లెక్క దీనికి భిన్నంగా ఉండవచ్చు. కాబట్టి ఏ వస్తువూ కొనకముందే గత పన్నెండు నెలల కరెంటు బిల్లులు ఒకచోట పెట్టుకుని, మే నెల యూనిట్లలోంచి డిసెంబరు యూనిట్లు తీసేసి చూడండి. ఆ మిగిలినది దాదాపుగా వేడిని తట్టుకోవడానికి పోతున్న కరెంటు. చాలా ఇళ్లలో ఖర్చు పెట్టాల్సిన మొదటి చోటు అక్కడే ఉంటుంది.

పైకప్పు: సున్నమా, కూల్ పెయింటా, పందిరా?

కాంక్రీటు స్లాబు పగలంతా ఎండను పీల్చుకుని, రాత్రి మనం పడుకునే వేళకు ఆ వేడిని గదిలోకి వదులుతుంది. పై అంతస్తులో ఉండేవారి ఏసీ నిజానికి ఈ స్లాబుతోనే పోరాడుతూ ఉంటుంది. ఎండను తిప్పికొట్టే తెల్లని పూత వేస్తే గది ఉష్ణోగ్రత రెండు నుంచి అయిదు డిగ్రీల వరకు తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో అయిదేళ్ల కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించి, 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాలలో కట్టే ఇళ్లకు దీనిని తప్పనిసరి చేయడానికి కారణం కూడా ఇదే.

సున్నం అన్నింటికన్నా చవక. కాస్త జిగురు కలిపి ఫిబ్రవరి చివరలో రెండు పూతలు వేస్తే వేసవి గడిచిపోతుంది. వానలకు కొట్టుకుపోతుంది కనుక ప్రతి ఏటా వేయక తప్పదు. కూల్ పెయింటుకు ఖర్చు ఎక్కువైనా కొన్నేళ్లు నిలుస్తుంది, అయితే దుమ్ము పేరుకున్నకొద్దీ దాని గుణం తగ్గుతుంది కాబట్టి వేసవికి ముందు ఒకసారి కడగాలి. తెల్లని పింగాణీ ముక్కలు పరిచే పద్ధతి అన్నింటికన్నా ఎక్కువ కాలం మన్నుతుంది, స్లాబు లీకేజీని కూడా అదుపులో పెడుతుంది. సొంత ఇల్లు, పైన మరో అంతస్తు వేసే ఆలోచన లేదు అనుకుంటే దానికే నా ఓటు. అద్దె ఇల్లయితే సున్నం చాలు. యజమాని కూడా సాధారణంగా కాదనడు. కుండీలు, మట్టి మడులతో మేడ మొత్తం నింపే తోటను చల్లదనం కోసమే అయితే నేను సూచించను, ఎందుకంటే తడి మట్టి బరువు ఎక్కువ, పాత స్లాబులు అందుకు కట్టినవి కావు. దానికి బదులు పడమటి వైపున దొండ, బీర, సొర పాకే పందిరి వేస్తే నీడా దక్కుతుంది, కూరా దక్కుతుంది.

పడమటి గోడ గురించి ఒక మాట. మధ్యాహ్నం తరువాతి ఎండ నేరుగా తగిలే గోడ అది. దక్షిణం, పడమర వైపుల పెద్ద చెట్లు ఉండాలని వాస్తు చెప్పేవారు అనే మాట ఈ ఒక్క విషయంలో ఎండ లెక్కకు సరిగ్గా సరిపోతుంది. చెట్టుకు చోటు లేకపోతే కిటికీల మీద సజ్జలు, బయటి వైపున వెదురు తెరలు వేయవచ్చు. లోపలి కర్టెను వెలుతురును ఆపుతుంది గాని, అద్దం దాటి అప్పటికే లోపలికి వచ్చేసిన వేడిని ఆపలేదు.

ఫ్యాను, కూలరు, ఏసీ

సాధారణ సీలింగు ఫ్యాను 70 నుంచి 75 వాట్లు తీసుకుంటే, బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాను అదే గాలికి 30 వాట్ల చుట్టుపక్కలే తీసుకుంటుంది. రోజుకు పదిహేను గంటల చొప్పున ఏడాదిలో మూడు వందల రోజులు తిరిగే హాలు ఫ్యానును మారిస్తే 180 యూనిట్లు, అంటే 126 కిలోల ఉద్గారం తగ్గుతుంది. ధర సుమారు మూడు వేల రూపాయలు. ఇంటికి కొనే వస్తువులలో పెట్టిన రూపాయికి ఇంత ఫలితం ఇచ్చేది నాకు మరొకటి కనిపించలేదు. అయితే ఏడాదికి నాలుగుసార్లు బంధువులు వచ్చినప్పుడు మాత్రమే తిరిగే గది ఫ్యానును మార్చడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఎక్కువ గంటలు తిరిగే ఒకటి రెండింటినే మార్చండి.

కూలరు మంచిదా, ఏసీ మంచిదా అన్న ప్రశ్నకు జవాబు మీరు ఏ ఊళ్లో ఉన్నారన్నదాని మీద ఆధారపడుతుంది. నీటిని ఆవిరి చేసి చల్లబరిచే యంత్రం కనుక కూలరుకు పొడిగాలి కావాలి. హైదరాబాదు, కరీంనగర్, కర్నూలు, అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో అది 150 నుంచి 200 వాట్లతోనే గదిని హాయిగా ఉంచుతుంది, ఏసీలోలా గ్యాసు లీకవుతుందన్న బాధ లేదు. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరులో గాలిలోనే తేమ నిండి ఉంటుంది కాబట్టి అక్కడ కూలరు కొనడం డబ్బు దండగ. పొడి ప్రాంతాలలో కూడా కూలరు గాలి రోహిణి కార్తెలో ఎంత చల్లగా ఉంటుందో, మృగశిర దాటి తొలకరి పడ్డాక అంత జిడ్డుగా మారుతుంది. బోరు నీళ్లు ఎండిపోయే వీధులలో నీటి ఖర్చును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఏసీ తప్పదనుకున్నప్పుడు నక్షత్రాలు ఎన్ని అని మాత్రమే చూస్తే సగం చూసినట్టే. లేబులు మీద ముద్రించిన ఏడాది వాడకం 1600 గంటలకు వేసిన లెక్క. టన్నున్నర ఇన్వర్టర్ ఏసీలలో త్రీ స్టార్‌కూ ఫైవ్ స్టార్‌కూ మధ్య ఆ గంటలకు సుమారు 200 యూనిట్ల తేడా ఉంటుంది. మీరు నిజంగా అన్ని గంటలు వాడేవారైతే ఫైవ్ స్టార్ తీసుకోండి. రెండు నెలలు, అదీ రాత్రి ఏడెనిమిది గంటలు మాత్రమే వేసేవారికి తేడా 60 యూనిట్లు కూడా దాటదు. అదనంగా పెట్టే డబ్బును పైకప్పు మీద పెట్టడం మేలు. లేబులు మీద ఏ సంవత్సరాల ప్రమాణమో కూడా చూసుకోవాలి, ప్రమాణం కఠినమైనప్పుడల్లా పాత ఫైవ్ స్టార్ ఒక మెట్టు దిగుతుంది. ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. ఫ్యాను తోడుంటే 24కు బదులు 27 వద్ద కూడా నిద్ర బాగానే పడుతుంది, ఆ మూడు డిగ్రీలు నక్షత్రాల తేడాకు దాదాపు సమానం.

దుకాణంలో ఎవరూ చెప్పని సంగతి ఏసీ లోపలి గ్యాసు. ఆర్-410ఏ అనే గ్యాసు ఒక కిలో గాలిలో కలిస్తే రెండు వేల కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వదిలినంత నష్టం. అది దాదాపు మూడు వేల యూనిట్ల కరెంటుతో సమానం. ఆర్-32 దానిలో మూడో వంతు, ఆర్-290 అంటే ప్రొపేన్, దాని ప్రభావం నామమాత్రం. ప్రొపేన్ మండే స్వభావం కలది కాబట్టి శిక్షణ ఉన్నవారి చేత బిగించుకోవాలి. మీ ఊళ్లో దానికి సర్వీసు దొరికితే అదే ఉత్తమం, దొరకకపోతే ఆర్-32. ఇల్లు మారేటప్పుడు ఏసీ విప్పే మెకానిక్ పైపు వదులు చేసి గ్యాసును గాలిలోకి వదిలేయకుండా, ముందు పంప్ డౌన్ చేసి ఔట్‌డోర్ యూనిట్‌లోకి ఎక్కించాలని దగ్గర ఉండి చెప్పండి. ప్రతి వేసవికీ గ్యాస్ ఫిల్లింగ్ అవసరమవుతోందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు మూయకుండా నింపించడం వల్ల మీరు సోలార్‌తో సంపాదించిన పుణ్యమంతా ఆ రాగి పైపులోంచి పోతుంది.

సోలార్: ఎంత, ఏ రకం

వేడిని ఆపడం, ఫ్యాన్లు మార్చడం అయ్యాక మిగిలిన యూనిట్లను చూసి సోలార్ పరిమాణం నిర్ణయించుకోవాలి. ఈ క్రమం తలకిందులైతే అవసరానికి మించిన ప్యానెళ్లు కొనవలసి వస్తుంది. మన రాష్ట్రాలలో ఒక కిలోవాట్ ఏడాది సగటున రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తుంది, దానికి సుమారు వంద చదరపు అడుగుల నీడ పడని చోటు కావాలి. 3 కిలోవాట్లు పెట్టుకుంటే ఏడాదికి నాలుగు వేల యూనిట్లకు పైగా, అంటే దాదాపు 2.9 టన్నుల తగ్గింపు. ప్యానెళ్ల తయారీలో వెలువడిన కర్బనం రెండేళ్లు తిరగకుండానే తీరిపోతుంది. ఇంటికి సంబంధించిన ఏ ఇతర కొనుగోలూ ఒంటరిగా ఇంత తగ్గించలేదు.

2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్య ఘర్ పథకం కింద ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు అంతకు మించితే 78 వేల రూపాయల సబ్సిడీ వస్తుంది. మూడు దాటితే సబ్సిడీ పెరగదు కనుక చాలా కుటుంబాలకు మూడే సరైన మెట్టు. దేశంలో తయారైన ప్యానెళ్లకే సబ్సిడీ వర్తిస్తుంది. చవకగా వస్తోందని వేరేవి బిగించుకుంటే ఆ డబ్బు రాదు.

బ్యాటరీ లేని ఆన్ గ్రిడ్, బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ రకాలలో ఏది? కరెంటు పోయినప్పుడు ఆన్ గ్రిడ్ సోలార్ కూడా ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణానికి రక్షణగా అలా ఏర్పాటు చేశారు. ఎండ కాస్తూండగా ఇల్లు చీకటి అయిందేమిటని చాలామంది ఆశ్చర్యపోతారు. కరెంటు కోతలు తక్కువగా ఉండే పట్టణాలలో ఆన్ గ్రిడ్ చాలు. బ్యాటరీ తయారీకి, మార్పిడికి అయ్యే ఖర్చూ కర్బనమూ ఉన్నాయి కాబట్టి, రోజూ గంటల తరబడి కోత ఉండే పల్లెలకో, ఇంట్లో వైద్య పరికరం నడవాల్సిన వారికో మాత్రమే హైబ్రిడ్ అర్థవంతం. ట్యాంకు నీడ మధ్యాహ్నం ప్యానెళ్ల మీద పడకుండా చూసుకోవాలి, ఎందుకంటే ఒక ప్యానెల్ మీద పడిన నీడ ఆ వరుస మొత్తాన్ని కుంగదీస్తుంది. కాస్త ఎత్తైన స్టాండు మీద బిగిస్తే కింద స్లాబుకు నీడ, వడియాలు పెట్టుకోవడానికి పక్కన చోటు రెండూ మిగులుతాయి. కోతులు తిరిగే ఊళ్లలో వైరింగుకు పైపు తొడగడం మరవకూడదు.

సోలార్ వచ్చాక కరెంటు ఉచితం అన్న భావన ఇంట్లో త్వరగా స్థిరపడుతుంది. మీరు పగలు వాడకుండా మిగిల్చిన ప్రతి యూనిట్టూ నెట్ మీటర్ (గ్రిడ్ నుంచి తీసుకున్నదీ, గ్రిడ్‌కు ఇచ్చినదీ రెండూ లెక్కించే మీటరు) దాటి పొరుగు ఇళ్లకు చేరి, అక్కడ బొగ్గు కరెంటును ఆ మేరకు తప్పిస్తుంది. కనుక మీ పైకప్పు మీద పుట్టిన కరెంటే అయినా వృథా చేసిన యూనిట్‌కు 0.7 కిలోల లెక్క అలాగే వర్తిస్తుంది.

వేడినీళ్లు

వంద లీటర్ల నీటిని 25 డిగ్రీలు వేడి చేయడానికి సుమారు మూడు యూనిట్లు కావాలి. మన వాతావరణంలో చాలా ఇళ్లకు వేడినీళ్లు అవసరమయ్యేది నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు; ఆ నాలుగు నెలలకు 350 యూనిట్లు. సోలార్ వాటర్ హీటర్ మేడ మీద తీసుకునే రెండు మూడు చదరపు మీటర్లలో ఒక 400 వాట్ల ప్యానెల్ పెడితే అది ఏడాది పొడుగునా కలిపి 550 యూనిట్ల దాకా ఇస్తుంది. అంటే చలికాలపు స్నానాలకే అయితే ప్యానెల్, చిన్న గీజరు కలిసి గెలుస్తాయి. ఏడాదంతా రోజూ వేడినీళ్లు వాడే ఉమ్మడి కుటుంబాలకు, ఆదిలాబాదు, లంబసింగి వంటి చలి ప్రాంతాల వారికి, హాస్టళ్లకు సోలార్ హీటరే సరైనది, అక్కడ దాని ఆదా వెయ్యి యూనిట్లు దాటుతుంది. ఉప్పు ఎక్కువగా ఉండే బోరు నీళ్లు గాజు గొట్టాలలో గార కట్టిస్తాయి. అలాంటి చోట హీటరు కొనే ముందు నీటి పరీక్ష చేయించడం మంచిది.

వంటగది: ఇక్కడ లెక్క తిరగబడుతుంది

ఒక గ్యాస్ బండలోని శక్తి సుమారు 180 యూనిట్ల కరెంటుకు సమానం, అందులో గిన్నెకు చేరేది 60 శాతం చొప్పున 108 యూనిట్లు. ఇండక్షన్ స్టవ్ 85 శాతం శక్తిని గిన్నెకు చేరుస్తుంది కనుక అదే వంటకు దాదాపు 127 యూనిట్లు చాలు. వినడానికి ఇది ఆదాగానే ఉంటుంది. కాని ఆ 127 యూనిట్ల వెనుక ఈనాటి గ్రిడ్‌లో దాదాపు 89 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంది, బండ వెనుక 42 కిలోలే. గ్యాస్ శుద్ధి, రవాణాల భారాన్ని కలిపినా బండదే తక్కువ. కాబట్టి కర్బనం తగ్గించడమే ఉద్దేశమైతే, ఉన్న గ్యాస్ స్టవ్‌ను ఇప్పటికిప్పుడు తీసేయమని నేను చెప్పను. వంటగదిలో పొగ, వేడి తగ్గాలనుకునేవారికి, బండ దొరకడం కష్టమైన చోట ఉండేవారికి ఇండక్షన్ మంచిదే. గ్రిడ్‌లో సౌర, పవన విద్యుత్తు పెరిగినకొద్దీ లెక్క దాని వైపు మొగ్గుతుంది కనుక మధ్యాహ్నం వంటకు ఒక ఇండక్షన్ పొయ్యి అదనంగా పెట్టుకోవడంలో తప్పు లేదు. ఈలోగా పప్పు నానబెట్టి కుక్కరులో ఉడికించడం, మూత పెట్టి వండడం వల్ల వచ్చే ఆదాకు పైసా ఖర్చు లేదు. రెండు మూడు పశువులున్న ఇంటికి గోబర్ గ్యాస్‌ను మించినది లేదు. ఘనమీటరు గ్యాసుకు రోజుకు 25 కిలోల పేడ కావాలి, మిగిలిన ముద్ద పొలానికి ఎరువవుతుంది.

వాహనం విషయం త్వరగా తేలుతుంది. పెట్రోలు స్కూటరు వంద కిలోమీటర్లకు దాదాపు 4.8 కిలోలు వదిలితే, ఎలక్ట్రిక్ స్కూటరు మూడు యూనిట్లతో 2.1 కిలోల వద్ద ఆగుతుంది. నిష్పత్తిలో చూస్తే కార్లలో తేడా తక్కువ: పెట్రోలుకు 15, ఎలక్ట్రిక్‌కు 10 కిలోల చుట్టుపక్కల. ఒక్కరే కూర్చుని ఎలక్ట్రిక్ కారులో ఆఫీసుకు వెళ్లడం కన్నా పాత పెట్రోలు స్కూటరే నయం, నిండుగా వెళ్లే బస్సు, మెట్రో ఇంకా నయం. నెలకు ఆరేడు వందల కిలోమీటర్లు తిరిగేవారు స్కూటరు మార్చవచ్చు. వారానికోసారి కూరగాయలకు తీసే బండిని మార్చనవసరం లేదు.

కొత్తగా కట్టేవారికి

వెయ్యి చదరపు అడుగుల స్లాబు ఇంటికి మేస్త్రీల లెక్క ప్రకారం సుమారు నాలుగు వందల బస్తాల సిమెంటు, నాలుగు టన్నుల ఉక్కు పడతాయి. ఓపీసీ, అంటే బూడిద కలపని సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు, బస్తాకు దాదాపు 40 కిలోల చొప్పున 16 టన్నులు, ఉక్కుకు మరో 8 టన్నులకు పైనే. మన ఉదాహరణ కుటుంబం ఆరేళ్లకు పైగా వదిలే కర్బనం ఒక్క ఏడాదిలో పునాది నుంచి స్లాబు దాకా చేరిపోతుంది. గట్టిగా ఉన్న పాత ఇంటిని పడగొట్టి పర్యావరణహితమైన ఇల్లు కడతామనేవారు ఈ అంకెను ఒకసారి చూసుకోవాలి. కట్టక తప్పనివారు బూడిద కలిసిన పీపీసీ సిమెంటు వాడితే బస్తాకు పది కిలోలు తగ్గుతాయి, మొత్తం మీద నాలుగు టన్నులు. దానికి అదనపు ఖర్చు లేదు, పైగా సాధారణంగా ధర కాస్త తక్కువే. మొదటి రోజుల్లో బలం నెమ్మదిగా పుంజుకుంటుంది కనుక సెంట్రింగ్ విప్పడానికి తొందరపడకూడదు, క్యూరింగ్‌కు నీళ్లు మరికొన్ని రోజులు పట్టాలి. 53 గ్రేడ్ ఓపీసీయే కావాలని మేస్త్రీ పట్టుబడితే ఇంజనీరు చేత మాట్లాడించండి.

గోడల విషయంలో ఎర్ర ఇటుకను బట్టీలో బొగ్గుతో కాలుస్తారు, పై మట్టి పోతుంది. థర్మల్ కేంద్రాల బూడిదతో చేసే ఫ్లై యాష్ ఇటుకను కాల్చనవసరం లేదు, థర్మల్ కేంద్రాల చుట్టుపక్కల జిల్లాలలో చవకగా దొరుకుతుంది. వేడిని ఆపడంలో మాత్రం ఎర్ర ఇటుకను మించినదేమీ కాదు. లోపల గాలి బుడగలుండే కాంక్రీటుతో చేసిన ఏఏసీ బ్లాకు వేడిని బాగా ఆపుతుంది, తేలిక, అయితే అతుకుల వద్ద ప్లాస్టరింగు బీటలు వారే అవకాశం ఉంది, స్తంభాలు లేని గోడల మీద బరువు మోపే ఇళ్లకు సరిపడదు. స్తంభాల ఇల్లయితే పడమర, దక్షిణపు గోడలకు ఏఏసీ, లోపలి గోడలకు ఫ్లై యాష్ వాడడం నాకు సమంజసంగా తోస్తుంది. గోడల మీద ఆనే చిన్న ఇల్లయితే, ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కేరళలో ప్రచారంలోకి తెచ్చిన ర్యాట్ ట్రాప్ బాండ్ పద్ధతిలో ఇటుకలను నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వదిలితే నాలుగో వంతు ఇటుకలు మిగులుతాయి, ఆ ఖాళీ వేడిని ఆపుతుంది. దీనికి చేయి తిరిగిన తాపీమేస్త్రీ కావాలి.

అపార్టుమెంటులో ఉండేవారికి

మధ్య అంతస్తులో ఉండేవారికి పైకప్పు లేదు కాబట్టి ఫ్యాను, ఏసీ, పడమటి కిటికీ, ఈ మూడింటితోనే చాలావరకు పని జరగాలి. ఆ తరువాత అందరికీ ఉమ్మడిగా ఉన్నవి లిఫ్టు, మోటారు, మెట్ల దీపాలు. ఈ ఉమ్మడి వాడకానికి అసోసియేషన్ పేరిట సోలార్ పెట్టుకుంటే సూర్య ఘర్ పథకంలోనే కిలోవాట్‌కు 18 వేల రూపాయల చొప్పున, ఇంటికి 3 కిలోవాట్ల లెక్కతో 500 కిలోవాట్ల దాకా సబ్సిడీ ఉంది. ఉమ్మడి మీటరు బిల్లు వేరుగా వస్తుంది. దాని ఏడాది యూనిట్లు తీసుకుని, మోటారు రోజుకు ఎన్ని గంటలు తిరుగుతోంది, ట్యాంకు నిండి పొర్లిపోయే నీళ్లెన్ని అన్నది వాచ్‌మన్‌ను అడిగి తెలుసుకోండి. ట్యాంకుకు వాటర్ లెవల్ కంట్రోలర్ బిగించి, మోటారును ఎండ ఉన్న వేళకు మార్చిన తరువాత మిగిలే యూనిట్లకే సోలార్ కొటేషన్ అడగాలి.